నోరు విప్పిన వెబ్‌సైటు

ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారి పాపారాజు ఆ బుధవారం పొద్దున్న వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి షాపు ముందు టెంటులో వెబ్‌సైటు ప్రారంభం. పదిన్నరకు వచ్చినవాళ్ళకి పెసరట్టు ఉప్మా. పదకొండుకల్లా రాజమండ్రి నుంచి వచ్చే గీతిక గారి చేత ఉగాది ఆర్డరు ఖాయం చేయించుకోవడం. ఆవిడ ఓ పెద్ద కంపెనీలో కొనుగోళ్ళ అధికారి. ఉద్యోగులందరికీ పూతరేకుల పెట్టెలు పంచుతారట. ఇంతవరకూ ఫోన్లో మాట్లాడడమే తప్ప పాపారాజు ఆవిణ్ణి చూడలేదు.

వెబ్‌సైటు చేసింది కార్తీక్. రాజమండ్రి కుర్రాడు, పని తెలిసినవాడు. తెలిసినంత పనీ చెయ్యనివ్వకపోవడం పాపారాజు గొప్పతనం.

"సార్, అక్షరాలు అలా పరిగెడుతుంటే ఎవరూ చదవలేరండి" అన్నాడు కార్తీక్ మొదటి రోజే.

"చదవడానికి ఎవడు పెట్టమన్నాడయ్యా? చూడ్డానికి! ఫోన్ నంబరు కూడా ఫోటోలోనే బంగారు అక్షరాల్తో దిగిపోవాలి."

"పోనీ, ప్రతి ఫోటో కిందా అదేంటో మాటల్లో రాయాలండి. పైకి కనపడదు. చూపు లేనివాళ్ళ ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది."

"చూపు లేనివాళ్ళు పూతరేకులు ఏం చూస్తారయ్యా?"

"చూడరండి. తింటారు."

పాపారాజు ఆ మాటని పక్కకి నెట్టేసి, ఫోటోల్లో ఏమేం మార్చాలో చెప్పుకుంటూ పోయాడు. రోజుకి ఇరవైసార్లు ఫోను. ఆ మార్పులు మర్చిపోకుండా ఉండడానికి కార్తీక్ వాటిని ఆ కనపడని ఖాళీల్లోనే రాసుకున్నాడు. తర్వాత ఫోటోలన్నీ సరిచేశాడు. రాసుకున్నవి చెరపడం మర్చిపోయాడు.

పదింపావుకి కారు వచ్చింది. తెల్ల చేతికర్రతో నేలని తడుముకుంటూ గీతిక దిగింది. పాపారాజు కార్తీక్ వైపు చూశాడు. కార్తీక్ టెంటు గుంజ వైపు చూశాడు.

"నమస్తే అండి" అంది గీతిక చిరునవ్వుతో. "మీ లింకు నా ఫోన్లో ఉంది. సైటు ఇక్కడే వింటాను. ఫోనే చదివిపెడుతుంది."

తన ఘనతని ఓ యంత్రం తనంతట తాను చదువుతుందంటే పాపారాజుకి ఒళ్ళు పులకించింది. "అయితే మైకు దగ్గర పెట్టండమ్మా! ఊరంతా వినాలి."

కార్తీక్ పరుగున వచ్చాడు. "సార్, వద్దండి, ఒక్క పది నిమిషాలు..."

"భయమెందుకయ్యా? కష్టపడి చేశావుగా!" అని పాపారాజు స్వయంగా మైకుని ఫోనుకి ఆనించాడు.

ఫోను గొంతు సవరించుకోకుండానే మొదలుపెట్టింది. "చిత్రం. రాజుగారు. పొట్ట బాగా తగ్గించాలి. జుట్టు నల్లగా చెయ్యాలి."

టెంటులో ఎవరో దగ్గారు. ఆ దగ్గులో సగం నవ్వు.

"చిత్రం. రాజుగారు, మేడమ్ గారు. మేడమ్‌ని కోసెయ్యాలి. ఒక్కళ్ళే ఉంటే ఠీవిగా ఉంటుందన్నారు."

హారతి పళ్ళెంతో నిలబడ్డ పాపారాజు భార్య నీలవేణి పళ్ళెం కింద పెట్టేసింది. "ఏవండీ, ఎవర్ని కోసెయ్యాలన్నారు?"

"ఫోటోలోనే నీలవేణీ!" అంటూ పాపారాజు ఫోను నోరు మూయించడానికి తెరని గట్టిగా నొక్కాడు. ఎక్కడ వేలు పడితే అక్కడున్నది చదవడమే దాని ఉద్యోగమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"చిత్రం. రేకులు తీస్తున్నావిడ. ఇది రత్నమాణిక్యం గారి ఇల్లు. గోడ మీద ఆవిడ పేరు చెరిపెయ్యాలి. మన షాపులో అసలు పొయ్యి లేదు."

ఆయన తల పైనే 'మా సొంత పొయ్యి మీద, మా చేతులతో' అన్న బ్యానరు గాలికి ఊగుతోంది. పాపారాజు రత్నమాణిక్యం దగ్గర రేకులు కొని తన పెట్టెల్లో పెడతాడన్నది ఊరికి తెలియనిదేమీ కాదు. మైకులో వినడమే మొదటిసారి.

చెమటలు కక్కుతూ మరో మూడుచోట్ల నొక్కాడు. "పేరు లేని బటన్. పేరు లేని బటన్. పేరు లేని బటన్."

గీతిక ఫోను మెల్లగా వెనక్కి తీసుకుని ఆపేసింది. "ఆర్డరు ఎక్కడ పెట్టాలో చెప్పట్లేదండి. ఫోన్ నంబరూ లేదు."

"ఉందమ్మా, ఇంతింత బంగారు అక్షరాల్లో ఉంది!"

"నాకు బంగారమైనా ఇత్తడైనా ఒకటేనండి. సరే గాని, రత్నమాణిక్యం గారంటే ఎవరు?"

ఆఖరి వరసలోంచి పెసరట్టు ప్లేటుతో ఒకావిడ లేచింది. "ఆయ్, నేనేనండి."

"మీ రేకు ఒకటి తినొచ్చా?"

రత్నమాణిక్యం చెయ్యి కడుక్కుని, షాపు బల్ల మీద పాపారాజు పేరుతో ఉన్న పెట్టె విప్పి, అందులోంచి తన పూతరేకు తీసి ఇచ్చింది. గీతిక దాన్ని పూర్తిగా తిని, వేళ్ళకంటిన నెయ్యి తుడుచుకుంది. తర్వాత "మీ నంబరు చెప్పండి" అంది. రత్నమాణిక్యం పది అంకెలూ పైకి చెప్పింది. వెబ్‌సైటు వారం రోజుల్లో చెయ్యలేని పని అలా పది సెకన్లలో అయిపోయింది.

కారు వెళ్ళిపోయాక పాపారాజు కార్తీక్ చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "రాసేటప్పుడు బుర్రుండక్కర్లా?"

"చెరపకపోవడం నాదే తప్పండి. రాసినవన్నీ మాత్రం మీరు చెప్పినవే. నా మాట ఒక్కటి కూడా లేదు."

ఆ సాయంత్రమే గీతిక ఫోన్ చేసి ఉగాది ఆర్డరు రత్నమాణిక్యానికే ఇచ్చింది. అంత ఆర్డరు తానొక్కతే చెయ్యలేనంది రత్నమాణిక్యం. నేనున్నానంటూ నీలవేణి ఆవిడతో వెళ్ళి నెయ్యి రాయడానికి కూర్చుంది. రెండు రోజులు మూతి ముడుచుకున్న పాపారాజు మూడోనాడు తనంతట తనే వెళ్ళి ఆ వాకిట్లో పెట్టెలు మడవడం మొదలుపెట్టాడు. ఎలా మడవాలో రత్నమాణిక్యం చెప్పింది. ఆయన ఆవిడ చెప్పినట్టే మడిచాడు.

ఆ వారంలోనే కార్తీక్‌కి ఊళ్ళో వ్యాపారుల నుంచి ఐదు ఫోన్లు వచ్చాయి. ఇన్నాళ్ళకి తన మాట జనానికి ఎక్కిందని కార్తీక్ పొంగిపోయాడు. ఐదుగురూ అడిగింది ఒక్కటే: ఆ మాట్లాడేది తీసేసి, మిగతాదంతా రాజుగారి సైటులాగే చేసిపెట్టమని.