గాడిద కోసం గాలింపు

ఓష్ పట్టణ నీటి సరఫరా కార్యాలయంలో అందరూ గౌరవంగా బైకే, అంటే అన్నా, అని పిలిచే డైరెక్టర్ తష్తాన్‌కు ఆ ఉదయం పెద్ద పనులేమీ లేవు. టీ, నూనెలో వేయించిన పిండి బోర్సోకులు నాలుగు, మధ్యాహ్నం బావమరిది ఇంట విందు. టీ సగంలో ఉండగా డ్రైవరు వచ్చి, సిబ్బంది తమరిని చాటుగా ‘ఇషాక్’ అంటున్నారని చెవిన వేశాడు. ఇషాక్ అంటే అక్కడి భాషలో గాడిద. తష్తాన్ చేతిలోని బోర్సోకును పళ్లెంలోకి విసిరేశాడు.

కంప్యూటర్లు చూసే నుర్జాత్‌ను పిలిపించి, ఆఫీసు ఫైళ్లన్నిటిలో ఒక మాటను వెతకవచ్చా అని అడిగాడు. గ్రెప్ అని ఒక్క కమాండ్ కొడితే ఆ మాట ఉన్న ప్రతి వాక్యమూ బయటపడుతుందని ఆమె చెప్పింది.

"వాక్యాలు చదివే తీరిక నాకు లేదు. ఎవరి ఫైళ్లో చెప్పు చాలు."

"ఆ అక్షరాలు ఇంకో మాటలో కలిసి ఉన్నా దొరుకుతాయి బైకే. విడిగా ఉన్నదే వెతకనా?"

"విడిగా నిలబడి దొరికే దొంగ ఎక్కడైనా ఉంటాడా? అన్నీ వెతుకు."

నుర్జాత్ అలాగే కొట్టింది. తెర నిండా పేర్లే. ఇంజనీర్లు, గుమాస్తాలు, చివరికి తష్తాన్ స్వయంగా ఉద్యోగం వేయించిన మరదలు కూడా.

వాళ్లందరికీ నొరూజ్ పండగ సెలవు రద్దయింది. కారణం అడిగితే, తప్పు చేసినవాళ్లకే తెలుస్తుందన్నాడు. దాంతో చేసినవాళ్లు వరస కట్టారు. పంపు దగ్గర నిద్రపోతున్నది నిజమేనని ఒకడు, ఆఫీసు పైపులు తన పెరట్లోనే ఉన్నాయని ఇంకొకడు, రాని రోజులకూ సంతకం పెడుతున్నానని మరదలు ఒప్పుకున్నారు. గాడిద ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఎంత గుండెలు తీసిన బంట్లు అని పళ్లు నూరి, ఇషాక్ అన్న మాట రాసిన వీళ్లందరినీ పీకెయ్యాలంటూ తష్తాన్ మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు కొట్టి పంపాడు.

వారం తిరక్కుండా మంత్రిత్వ శాఖ నుంచి తనిఖీ అధికారి దిగాడు. ఆయన పేరు ఇషాకోవ్. చలికాలమంతా సిబ్బంది పగిలిన పైపుల గురించి ‘గౌరవనీయులైన ఇషాకోవ్ గారికి’ అని రాస్తూనే ఉన్నారు. తష్తాన్ చదవకుండా సంతకాలు పెడుతూనే ఉన్నాడు.

"నాకు ఉత్తరం రాయడం నేరమని ఇన్నాళ్లూ తెలియదు," అన్నాడు ఇషాకోవ్, టోపీ కూడా తీయకుండా. "నా పేరులో తమరికి ఏం కనిపించిందో కూడా ఇప్పుడే తెలిసింది."

ఇషాక్ అన్న మాట విడిగా ఎక్కడుందో వెతకమని ఆయన నుర్జాత్‌కు చెప్పాడు. ఒకే ఒక్క ఫైలు వచ్చింది. డైరెక్టర్ గారి ఫిర్యాదు.

సాయంత్రానికల్లా తష్తాన్‌ను కొండల్లోని పంపుహౌసుకు బదిలీ చేశారు. సిబ్బంది టీ తాగుతూ ఆయన్ని ఎప్పటి పేరుతోనే తలుచుకున్నారు. నోటితో అన్నదాన్ని వెతికిపెట్టే కమాండ్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.