మంత్రిగారికి అన్నీ ఆరులే

"మూడేళ్ళలో మన ప్రాంతాన్ని ప్రపంచ ఆటల రాజధానిగా మార్చకపోతే నా పేరు మార్చుకుంటాను!" అని వినోద శాఖ మంత్రిగారు విలేఖరుల ముందు ప్రకటించారు. పార్టీలే మార్చినవారికి పేరు మార్చుకోవడం ఒక లెక్కా అని గిట్టనివాళ్ళు అన్నారు. నేను మాత్రం చప్పట్లు కొట్టాను, ఎందుకంటే ఆయన రాజధాని చెయ్యబోయేది మా ఆటల ప్రదర్శననే.

మాది బల్లమీద ఆడే ఆటల సంఘం. నేను కార్యదర్శిని. ఏటా ఒక ఆదివారం లైబ్రరీ హాల్లో ఇరవై బల్లలు వేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం కలిసి ఆడుకుని, కుర్చీలు సర్దేసి ఇళ్ళకి పోయేవాళ్ళం. ప్రభుత్వం కంట పడకుండా ఎనిమిదేళ్ళు హాయిగా గడిచాయి. తొమ్మిదో ఏడు పడ్డాం.

ఈ ఏడు మా బావకి ప్రాణం మీదకొచ్చిన ఏడు. బావ బస్సు డిపోలో మెకానిక్. ఆరేళ్ళు కూర్చుని 'డిపో దారి' అనే ఆట కనిపెట్టాడు. చెక్కతో బుల్లి బస్సులు చెక్కాడు. ఆరు పడితే మళ్ళీ వెయ్యాలి. చివర్లో డిపో గేటు దాటాలంటే మాత్రం సరిగ్గా ఒకటి పడాలి. ఆటలు అచ్చువేసే కంపెనీ మేనేజరమ్మ ప్రదర్శనకి స్వయంగా వచ్చి చూస్తానంది. ఆరోజే నాలుగింటికి ఆవిడ తిరుగు రైలు. ఈలోపు ఆట నచ్చితే బావ ఆరేళ్ళూ పండినట్టే, లేకపోతే మా అక్క ఆ బస్సులన్నీ పొయ్యిలో పెడతానని మాటిచ్చింది. అక్క మాట తప్పదు.

ప్రదర్శనకి ఒక స్పెషల్ ఆఫీసర్ని వేశారు. అంతటి ముందుచూపున్న మనిషిని నేను చూడలేదు.

"ప్రారంభోత్సవానికి మీ బావగారి ఆటే ఖాయం చేశాం. ఇంతకీ మంత్రిగారికి ఎంత పడుతుంది?" అని అడిగాడు.

"పాచిక కదండీ, ఏదైనా పడొచ్చు."

"ఏదైనా అంటే? ఫైల్లో అలా రాయమంటారా? అన్నిటికన్నా పెద్దది ఎంత?"

"ఆరండి."

"అయితే అన్ని వైపులా ఆరే చెక్కండి."

బావ కంగారుపడ్డాడు. "అది కాదు సార్, గేటు దగ్గర ఒకటి పడకపోతే..."

"మంత్రిగారికి ఒకటా! నా ఉద్యోగం ఉండాలా, ఊడాలా? మేనేజరమ్మకి ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాం. వద్దంటే చెప్పండి, ఇంకో ఆట చూసుకుంటాం."

బావ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. బస్సుకి ఒక్క నట్టు వదులుగా ఉన్నా నిద్రపోని మనిషి, తలవంచుకుని ఆరు వైపులా ఆరు చెక్కాడు. అయినా ఆఫీసర్‌గారి దూరదృష్టిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

ప్రదర్శన రోజు పొద్దున్నే వేదిక ఎత్తు చాలలేదని పద్నాలుగు బల్లలు దానికి వాడేశారు. అయిదు అతిథుల ఫలహారాలకి పోయాయి. మిగిలిన ఒక్క బల్లా మంత్రిగారి ఆటకి. గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ జనం సంచులు వెతికి, దొరికిన పాచికలన్నీ లాక్కున్నాడు. పాచికలుంటే జూదమేనట. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పెద్ద ముఠా ఒకేచోట దొరికిందని మురిసిపోయాడు కూడా. బల్లలూ పాచికలూ లేని ఆటగాళ్ళందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో నేర్పించారు.

పదింటికి రావాల్సిన మంత్రిగారు ఒంటిగంటకి వచ్చి, రిబ్బను కత్తిరించి, గంటసేపు మాట్లాడారు. "నాకు గెలుపైనా ఓటమైనా ఒకటే. ఓటమి ఎలా ఉంటుందో చూడలేదు కాబట్టి" అన్నారు. ఆ తర్వాత ఆటకి కూర్చున్నారు.

ఎదురుగా మా సంఘం చాంపియన్, పెద్ద టీచరు. లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. తన వంతు కోసం అరచెయ్యి చాపి కూర్చుంది.

మంత్రిగారు వేశారు.

"ఆరు!" అని ఆఫీసర్ మైకులో అరిచాడు. చప్పట్లు.

ఆరు పడితే మళ్ళీ వెయ్యాలి. వేశారు. ఆరు. మళ్ళీ ఆరు. బస్సు ఎక్కడా ఆగకుండా దూసుకుపోయి డిపో గేటు ముందు నిలబడింది.

ఆరు పడింది. గేటు తెరుచుకోలేదు. మళ్ళీ వేశారు. ఆరు. మూడింటికి ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. చప్పట్లు పలచబడితే ఇన్‌స్పెక్టర్ జనం వైపు చూసేవాడు, వెంటనే చిక్కబడేవి. పెద్ద టీచరు చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. మేనేజరమ్మ వాచీ చూసుకుంటోంది. బావ నా భుజం నలిపేస్తున్నాడు.

మంత్రిగారు ఆఫీసర్ చెవిలో అన్నారు. "ఇదెప్పుడవుతుందయ్యా?"

"ఒకటి పడితే సార్."

"పడమని చెప్పు మరి."

ఆఫీసర్ మైకు అందుకున్నాడు. "ప్రజల కోరిక మేరకు ఈ క్షణం నుంచి ఆరును ఒకటిగా పరిగణించడమైనది!"

బస్సు డిపోలోకి వెళ్ళింది. హాలు దద్దరిల్లింది. ప్రత్యర్థికి ఒక్క అవకాశం కూడా ఇవ్వకుండా మంత్రిగారి ఘనవిజయం అని ముందురోజే టైపు చేసిన కాగితాలు విలేఖరులకి పంచారు. కార్లు వెళ్ళిపోయాయి. జనమూ వెళ్ళిపోయారు. కూలీలు బల్లలు మొయ్యసాగారు. పెద్ద టీచరు మోచెయ్యి తియ్యనందుకు ఆవిడ బల్ల మాత్రం మిగిలింది.

మేనేజరమ్మ నవ్వుతూ వచ్చింది. "ఆట అద్భుతం అండీ. తప్పకుండా అచ్చువేస్తాం."

బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పాచిక మాత్రం ఇదే ఉండాలి. రెండో బస్సు అక్కర్లేదు. పెద్దవాళ్ళకి కానుకగా ఇవ్వడానికి ఇప్పుడే ఇద్దరు మంత్రుల పీఏలు ఫోన్ చేశారు."

"మరి మిగతావాళ్ళు ఏం ఆడతారండీ?"

"చప్పట్లు కొడతారు కదా!"

బావ తన బస్సుల వైపు చూశాడు. ఎంతైనా ఆరేళ్ళు.

"మీ రైలుకి టైమవుతోందండీ" అన్నాడు.

ఆవిడ వెళ్ళిపోయాక అన్నం డబ్బా మూత తీసి, మెతుకుల అడుగు నుంచి పాత పాచిక పైకి తీశాడు. చొక్కాకి తుడిచి పెద్ద టీచరు అరచేతిలో పెట్టాడు. ఆవిడ వేసింది.

ఒకటి పడింది.

మరిచిపోయిన మైకు కోసం వెనక్కొచ్చిన ఆఫీసర్ వంగి చూశాడు.

"అయ్యో, ఇందాకటిదాకా బాగానే పనిచేసిందే! చెడిపోయినట్టుంది, కొత్తది చేయించండి."