బీరువాలో దీర్ఘం

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారిచేత పది సెకన్లు "ఆ" అనిపించాలి, మధ్యాహ్నంలోగా ఆ ధ్వని సంగతి తేల్చి ప్రొఫెసరుకు పంపాలి. గొంతులోని ధ్వని అల ఇప్పుడెలా ఉంది, రవ్వంత ముందెలా ఉంది అని జత కలుపుకుంటూ పోతే కంప్యూటరు ఒక బొమ్మ గీస్తుంది. ఆరోగ్యమైన గొంతయితే చేతి గాజులా చక్కటి చుట్టు వస్తుంది. ఇంకొక్క గొంతు దొరికితే ఆమె మూడేళ్ల పరిశోధన ఒడ్డున పడుతుంది.

ఇంట్లో చప్పుళ్లు ఎక్కువ. అందుకని అరలు తీసేసిన చెక్క బీరువాలో దుప్పట్లు కట్టి, అత్తగారిని లోపల కూర్చోబెట్టింది.

"ఒట్టి 'ఆ' ఏంటే అమ్మాయ్? తర్వాత మాటేంటి?"

"మాటేం లేదత్తయ్యా. ఆపకుండా అనండి, చాలు."

మాట లేకుండా నోరు తెరవడం అత్తగారికి బుద్ధెరిగాక అదే మొదలు. ఆరుసార్లు "ఆ... అన్నట్టు, పొయ్యి కట్టేశావా?" అంది. ఏడోసారి పంతం పట్టి దీర్ఘం తీసింది.

గోడవతల పక్కింటావిడ హడలిపోయింది. పరుగున వచ్చి తలుపు బాదింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కోడలికి వినబడలేదు. కిటికీలోంచి చూస్తే బీరువా మూలుగుతోంది, ఎదురుగా కోడలు తాపీగా ఏదో రాసుకుంటోంది. ఆవిడ వెంటనే మావగారికి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, వదినని బీరువాలో పెట్టేశారండీ! పాపం, గొంతు పోయేలా అరుస్తోంది!"

మావగారి బుర్రకెక్కింది "గొంతు" ఒక్కటే. ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఉన్న గొంతు డాక్టరును ఉన్నపళాన లాక్కొచ్చాడు. డాక్టరు బీరువా తలుపు తీసి టార్చి వేశాడు.

"ఆ అనండమ్మా."

"మీక్కూడానా? అమ్మాయ్, ఈయనకెన్ని సెకన్లే?"

కోడలు తల బాదుకుని జరిగిందంతా చెప్పింది, తెర మీద గుండ్రంగా వచ్చిన బొమ్మ చూపించింది. డాక్టరు నవ్వాడు.

"ఇంతేనా? ఏదీ, నాది గీయండి." తనూ బొంగురుగా "ఆ" అన్నాడు.

బొమ్మ చిక్కుపడ్డ ఉన్ని ఉండలా వచ్చింది. కోడలు వైర్లు సరిచూసి మళ్లీ "ఆ" అనిపించింది. మళ్లీ అదే ఉండ.

"ఈ బొంగురు ఎన్నాళ్లుగా బాబూ?" అడిగింది అత్తగారు, బీరువాలోంచే.

"రెండు నెలలైందండీ. అదే తగ్గుతుందిలే అనుకున్నా."

"రోజూ ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ చూస్తావు కదా, నీది ఎవరికైనా చూపించుకోవద్దూ?"

డాక్టరు చేతులు కట్టుకుని "అలాగేనండీ" అన్నాడు.

మర్నాడు మరో డాక్టరు దగ్గర వరసలో కూర్చుని చీటీ నింపాడు. "ఎవరు పంపారు" అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు.