అడగడం ఐదో లెవెల్

"ఇంకో ఏడాదిల ఈ అడవిల నెమలి గూడ ఇంగ్లీషులనే కూస్తది!" అని అటవీ సరిహద్దు ఇంగ్లీషు వికాస మండలి చైర్మన్ శ్రీశైలం గారు భద్రాచలం సభలో ప్రకటించినప్పుడు ఆయనకు అడుగు దూరంలో నిలబడి ఉన్నవాణ్ని నేనే. ఆ మాట గోదావరి అవతలి ఒడ్డు దాకా వినపడిందంటే అందులో నా ఆంప్లిఫయర్ పాత్ర కూడా కొంత ఉంది. నా పేరు అహ్మద్ పాషా. సారపాకలో పాషా సౌండ్స్ నాదే. పెళ్లికైనా, దర్గా ఉర్సుకైనా, ఎన్నికలకైనా మైకు సెట్టు కిరాయికి ఇస్తాను. మణుగూరు నుంచి కారేపల్లి దాకా ఎంత పెద్ద నాయకుడైనా ముందు నా మైకును వేలితో టకటకమని కొట్టి, "హలో" అన్న తర్వాతే నాయకుడవుతాడు.

శ్రీశైలం గారు అలా కొట్టరు. ఉఫ్‌మని ఊదుతారు. చాలా సున్నితమైన మనిషి.

ఆయనకు ఇంగ్లీషు మీద ఎంత గౌరవమంటే దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడరు. ఎవరు ఇంగ్లీషులో ఏమన్నా రెండు చేతులూ జోడించి "థ్యాంక్యూ, థ్యాంక్యూ" అంటారు. గోదావరి చూడడానికి వచ్చిన ఒక తెల్లదొర బాత్రూమ్ ఎటువైపని అడిగితే కూడా అదే అన్నారు. పాపం ఆ దొర చాలాసేపు నిలబడ్డాడు.

అలాంటి మనిషి చేతిలో ఇంగ్లీషు పడడం ఈ ప్రాంతం చేసుకున్న పుణ్యం. "ఒక్కసారే నేర్చుకుంటే అరగది, మెట్టు మెట్టుగ ఎక్కాలె" అని ఆయన మైకులో చెప్పగానే మండలి డైరెక్టర్ కుమారస్వామి సార్ లేచి ఆ మెట్లేమిటో వివరించారు. ఈయన హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్‌తో సహా వచ్చిన మనిషి. మొదటి లెవెల్‌లో జనం గుడ్ మార్నింగ్ చెప్పడం నేర్చుకుంటారు. రెండో లెవెల్ థ్యాంక్యూ. మూడోది సారీ. నాలుగులో కంగ్రాట్యులేషన్స్. ఇవన్నీ పాసై ఐదో లెవెల్‌కు వచ్చాకే ఏదైనా కావాలని అడగడం నేర్పుతారు. ఆరోది, "ఎందుకు?" అని ప్రశ్నించడం. దాని పుస్తకం ఇంకా ప్రెస్సులో ఉందన్నారు. ఏ ప్రెస్సో చెప్పలేదు.

ఆ రోజే మండలికి ఒక రత్నం దొరికింది. ఇప్పలగూడెం బడి టీచరు దేవ్‌సింగ్ సారు తన బడి పిల్లల్ని సభకు తీసుకొచ్చాడు. ఆ బడికి ఉన్నది ఆయనొక్కడే. ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే పిల్లల కోసం ముందు తాను కోయ నేర్చుకుని, ఆ తర్వాత వాళ్లకు తెలుగు, దాని మీద ఇంగ్లీషు నేర్పిన మనిషి. మూడో తరగతి చదివే భాను అనే పిల్ల స్టేజీ ఎక్కి వాళ్ల ఊరి వాగు గురించి ఇంగ్లీషులో గడగడా మాట్లాడింది. చైర్మన్ గారు "థ్యాంక్యూ, థ్యాంక్యూ" అని, ఎవరు నేర్పారో కనుక్కుని, దేవ్‌సింగ్ సారును అక్కడికక్కడే డిప్యుటేషన్ మీద మండలికి తీసేసుకున్నారు. ఇంత మంచి టీచరు ఒక బడిలో పిల్లల మధ్య వృథా కావడం ఆయనకు నచ్చలేదు.

దేవ్‌సింగ్ సారు ఇప్పుడు చీఫ్ లెవెల్ ఆఫీసర్. ఆయనకు ఏసీ గది ఇచ్చారు. చైర్మన్ గారు ఏ సభకు వెళ్లినా చదవడానికి వీలుగా "గుడ్ మార్నింగ్" అని తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వడం ఆయన డ్యూటీ. సాయంత్రం సభ అయితే "గుడ్ ఈవినింగ్" అని రాయాలి. అంటే పని భారం ఎక్కువే.

ఇప్పలగూడెం బడికి మాత్రం తాళం పడింది.

నెల తిరక్కముందే గురవమ్మ మండలి ఆఫీసుకు వచ్చింది. ఈమె భానుకు నాయనమ్మ, ఆ ఊరి బడి కమిటీకి పెద్ద. నేనప్పుడు గోడకు లౌడ్ స్పీకర్ బిగిస్తూ నిచ్చెన మీద ఉన్నాను. ఏం జరిగిందో అక్కణ్నుంచి శుభ్రంగా వినపడింది.

"సారూ, మా దేవ్‌సింగ్ సారును మాకు పంపుండ్రి. బడికి తాళమేసిండ్రు. పిల్లలు మిరపకాయ ఏరవోతున్నరు. మా భాను గూడ పోతాంది."

కుమారస్వామి సార్ ల్యాప్‌టాప్ మూసి ఎంతో ఆప్యాయంగా అడిగారు. "అమ్మా, నీ లెవెల్ ఎంత?"

"లెవెలేంది సారూ?"

"అంటే జీరో. జీరో వాళ్లు ఆఫీసుకు రావచ్చు. బెంచీ మీద కూర్చోవచ్చు. కూలర్‌లో నీళ్లు కూడా తాగొచ్చు. అడగడానికి మాత్రం లేదు. అడగడం ఐదో లెవెల్."

"ఇప్పుడు అడిగిన గద?"

"తెలుగులో అడిగావు. అది లెక్కలోకి రాదు."

"మరి ఇంగ్లీషు మాకెవలు నేర్పుతరు?"

"ఎవరేమిటి? మీ ఊరి టీచరు."

"ఆయన మీ కాడనే ఉన్నడు గద సారూ!"

"చూశావా, అందుకే మీ ఊరు వెనకబడిపోయింది" అని సార్ జాలిపడ్డారు. ఆయన కళ్లు చెమర్చడం నిచ్చెన మీద నుంచి నేను చూశాను. ఏసీకి ఎదురుగా కూర్చుంటారు మరి.

అద్దాల గది లోపలి నుంచి దేవ్‌సింగ్ సారు గురవమ్మను చూసి చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తింది. అద్దం మందంగా ఉండడం వల్ల ఇద్దరి మధ్యా మాట నడవలేదు.

టీచర్లు లేని ఊళ్లకు లెవెల్స్ చేరవేసే బాధ్యత నా ఆటో మీద పడింది. పైన రెండు హారన్ స్పీకర్లు కట్టి, పెన్‌డ్రైవ్ పెట్టి, సంత రోజున నడిమధ్యలో నిలబెట్టాలి. అది "గుడ్ మార్నింగ్ సార్" అంటుంది, జనం కూడా అనాలి. చాలామంది చెవులు మూసుకుని పక్క సందులోకి పోయేవాళ్లు. గురవమ్మ మాత్రం చింతపండు గంప తెచ్చి సరిగ్గా హారన్ కింద పెట్టుకుంది.

"చెవులు పోతయ్ అవ్వా, జర దూరం జరుగు" అన్నాను.

"పోతే పోనీ తియ్. ఐదు దాక ఎక్కాలె నేను."

ఆమె సంతలో విన్నది రాత్రికి ఊళ్లో చెప్పేది. అంతే, ఇప్పలగూడెం పరీక్షల మీద పరీక్షలు పాసైపోయింది. మొదటి లెవెల్ పరీక్షకు కుమారస్వామి సార్ పొద్దుగూకేటప్పుడు వెళ్తే ఊరంతా నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పింది. టైముతో సంబంధం లేదని సార్ అందరినీ పాస్ చేశారు. సారీ లెవెల్‌కైతే పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేకపోయింది. ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో ఏళ్లుగా చేతులు కట్టుకుని నిలబడ్డ జనం కదా, తలవంపు, గొంతు, చేతులు నలపడం అన్నీ ముందే వచ్చు. మాట ఒక్కటే మార్చుకున్నారు. ఇంత సహజమైన సారీని తాను హైదరాబాద్‌లో కూడా చూడలేదని సార్ మెచ్చుకున్నారు. కంగ్రాట్యులేషన్స్ పరీక్ష చైర్మన్ గారి పుట్టినరోజున చైర్మన్ గారి ఇంట్లోనే పెట్టారు. దండలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు ఆగిపోయాయి.

చైర్మన్ గారి ఉద్దేశం చాలా లోతైనది. "నాలుగు లెవెల్లు సాలు కుమారస్వామీ. చూడు, జనం ఎంత ఖుషీగ ఉన్నరో. గుడ్ మార్నింగ్ అంటున్నరు, థ్యాంక్యూ అంటున్నరు. ఒక్కడు గూడ ఏం అడుగుతలేడు." ఐదో లెవెల్ పెన్‌డ్రైవ్‌ను సొరుగులో పెట్టి తాళం వేశారు.

సంతలో గురవమ్మ నన్ను వదల్లేదు. "పాషా భాయ్, ఐదోది ఎప్పుడేస్తవ్?"

"నా చేతుల లేదవ్వా. పైనుంచి రావాలె."

"ఏండ్ల కింద మా బడి గూడ గట్లనే పైనుంచి రావాలె అన్నరు. తిరిగి తిరిగి మేమే తెచ్చుకున్నం."

భాను ఆమె పక్కనే కూర్చుని ఉంది. మిరపకాయలు ఏరి ఏరి వేళ్లు మండుతున్నాయేమో, రెండు చేతులూ నీళ్ల చెంబులో పెట్టుకుంది. ముక్కు మీద ఈగ వాలితే చేత్తో తోలడానికి భయపడి తల విదిలిస్తోంది. స్టేజీ మీద వాగు గురించి మాట్లాడిన పిల్ల. నాకు చాలా బాధేసింది. బాధపడడం ఏ లెవెల్‌లోనూ లేదు కాబట్టి తెలుగులోనే పడ్డాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి కుమారస్వామి సార్‌తో చెప్పాను. "సార్, నా సెట్టుల తెలుగు సాఫ్‌గ వస్తాంది. ఇంగ్లీషే గరగరమంటాంది. ఇంగ్లీషొచ్చిన ఆఫీసరు ఎవలన్న ఒక్కసారి సంతకొచ్చి టెస్ట్ చెయ్యాలె."

టెక్నికల్ విషయాల్లో సార్ ఎవరికీ అడ్డం రారు. వెంటనే దేవ్‌సింగ్ సారును పంపారు.

సారు సంతలో ఆటో దిగి మైకు పట్టుకున్నాడు. అందరూ హలో హలో అని టెస్ట్ చేస్తారు. ఆయన మాత్రం "వియ్ వాంట్ అవర్ టీచర్ సార్. ప్లీజ్ సెండ్ హిమ్ టుమారో" అని టెస్ట్ చేశాడు. మెల్లగా, మాట మాటా విడదీసి, మళ్లీ మళ్లీ చేశాడు. మధ్యమధ్యలో దాని అర్థం కోయలో కూడా చెప్పాడు. అది కూడా టెస్టింగేనట. గురవమ్మ చింతపండు తూకం ఆపి పెదాలు కదుపుతూ కూర్చుంది. పొద్దు వాలేసరికి నా మైకు పూర్తిగా బాగైపోయింది.

నాలుగు లెవెల్స్ పాసైన మొట్టమొదటి ఊరిగా ఇప్పలగూడేనికి షీల్డు ఇవ్వడానికి చైర్మన్ గారు స్వయంగా వచ్చారు. తాళం వేసి ఉన్న బడి ముందే టెంటు వేశారు. ఊరి తరఫున గురవమ్మ మైకులో "థ్యాంక్యూ సార్" అనాలని ప్రోగ్రామ్. ఆమె భానును పక్కన నిలబెట్టుకుని మైకు ముందుకు వచ్చింది. కొంగు సర్దుకుంది.

"గుడ్ మార్నింగ్ సార్. థ్యాంక్యూ సార్. సారీ సార్. కంగ్రాట్యులేషన్స్ సార్." నాలుగు లెవెల్స్‌నూ చకచకా దాటేసి ఊపిరి పీల్చుకుంది. "వియ్ వాంట్ అవర్ టీచర్ సార్. ప్లీజ్ సెండ్ హిమ్ టుమారో."

కుమారస్వామి సార్ నాకేసి చెయ్యి ఊపారు, మైకు కట్ చెయ్యమని కాబోలు. నేను కూడా మర్యాదగా ఊపాను.

చైర్మన్ గారు "థ్యాంక్యూ, థ్యాంక్యూ" అని, పక్కనే ఉన్న దేవ్‌సింగ్ సారు వైపు వంగారు. "ఏమంటాంది?"

"మా టీచరు మాకు కావాలి, రేపే పంపండి అంటోంది సార్."

చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం చూసి నాకు ఆశ పుట్టింది. ఊరు ఊరంతా ముందుకు జరిగింది.

"అవ్వా, ఈ ఇంగ్లీషు నీకెవలు నేర్పిండ్రు?"

గురవమ్మ దేవ్‌సింగ్ సారును చూసింది, నన్ను చూసింది. మా ఇద్దరి ఉద్యోగాలూ కాపాడాలనుకుంది. "ఎవలు లేరయ్యా. మేమే నేర్చుకున్నం."

"మీ ఊళ్లె టీచరు లేడా?"

"లేడు. గదే గద నేను చెప్పేది!"

"ఎప్పటిసంది లేడు?"

"మిరపకాయ ఏరుడు మొదలైనప్పటిసంది."

చైర్మన్ గారు జనం వైపు తిరిగారు. మైకును ఊదడం కూడా మర్చిపోయారు. "ఇన్నరా! టీచరున్నప్పుడు ఈ ఊళ్లె ఇంగ్లీషు ఎంతమందికి వచ్చు? నలుగురు పిల్లలకు! టీచరు పోయినంక? అవ్వకొచ్చింది, అయ్యకొచ్చింది, ఊరంతటికొచ్చింది! మరి ఇన్నేండ్లు అడ్డం పడ్డది ఎవలు? టీచరే!"

కుమారస్వామి సార్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

ఆ ఊపులోనే ఇప్పలగూడేన్ని టీచర్ రహిత ఆదర్శ గ్రామంగా ప్రకటించారు. ఆ బడిలో టీచరు పోస్టును శాశ్వతంగా రద్దు చేస్తున్నామన్నారు. ఈ అదృష్టం ఒక్క ఊరికే పరిమితం కావడం అన్యాయమని, చుట్టుపక్కల గూడేల్లో మిగిలిన టీచర్లందరినీ సోమవారం నుంచి వెనక్కి పిలిపిస్తామని చెప్పారు. ఖాళీ అయిన బడిలో తన ఫోటో పెట్టించి లెవెల్ సెంటర్ తెరుస్తారట. దేవ్‌సింగ్ సారు ముఖం చూడలేక నేను ఆంప్లిఫయర్ దుమ్ము తుడిచాను.

గురవమ్మ చేతిలో షీల్డు పెట్టారు. మైకు ఇంకా ఆమె ముందే ఉంది. భాను ఆమె కొంగు లాగి, మునివేళ్ల మీద నిలబడి చెవిలో ఏదో చెప్పింది. నా ఆటో ఆ మాట ఎప్పుడూ పలకలేదు. బడి తెరిచి ఉన్న రోజుల్లో దేవ్‌సింగ్ సారు నేర్పిందే అయ్యుంటుంది.

"వై సార్?" అంది గురవమ్మ.

"అమ్మా, అమ్మా! అది ఆరో లెవెల్. పుస్తకం ఇంకా ప్రెస్సులోనే ఉంది!" అంటూ కుమారస్వామి సార్ పరిగెత్తుకొచ్చారు. ఆయన మైకు దాకా చేరేలోపు పిల్లలంతా కూడా అదే మాట అన్నారు. నా సెట్టుకు ఎకో కాస్త ఎక్కువ. టెంటుకు కట్టిన నాలుగు హారన్లలోంచి ఆ మాట అడవిలోకి వెళ్లి, వాగు అవతలి గుట్టకు తగిలి మళ్లీ వెనక్కి వచ్చింది.

చైర్మన్ గారు ఆనందంతో రెండు చేతులూ జోడించారు.

"థ్యాంక్యూ, థ్యాంక్యూ."