మోకాలు ఏ పక్క కోయాలి?

ఇలా దగ్గరకు జరగండమ్మా, ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు. ఆసుపత్రి మంచం చుట్టూ మూగే చుట్టాలను తిట్టకండి! డాక్టరుకు తెలిసేది ఎముక ఒక్కటే. మిగతావన్నీ తెలిసినవాళ్లు వాళ్లే!

నాకెలా తెలుసంటారా? పంతొమ్మిది వందల యాభై రెండులో మా ఆయన రాజోలు దగ్గర కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి జారిపడ్డారు. కుడి మోకాలి పైన ఎముక విరిగింది. గోదావరి దాటించి పెద్దాసుపత్రిలో చేర్చాం.

డాక్టరుగారు దయగల మనిషి. "ఎముకను చేరడానికి బయటి పక్క కోసినా ఒకటే, లోపలి పక్క కోసినా ఒకటే. ఏ పక్క కొయ్యమంటారు?" అన్నారు. అడిగింది మా ఆయన్ని. జవాబు చెప్పింది పదకొండుమంది!

ఆడపడుచు మాణిక్యం బయటి పక్క వద్దంది. మచ్చ నలుగురికీ కనబడుతుందట! నలభై ఏళ్ల మనిషి, మళ్లీ పెళ్లిచూపులకు వెళ్లాలా? పక్క మంచం రోగి భార్య ముత్యాలు ముందు నుంచి కోయించమంది. వాళ్ల మేకకు అలాగే కట్టు కట్టారట. ఎంత అనుభవం!

చివరికి పెదమావగారు రాఘవులుగారు కండువా సర్దుకున్నారు.

"డాక్టరుగారండీ, బయటి పక్క దక్షిణవండి. యముడి దిక్కండి. కత్తి అట్నుంచి రాకూడదండి. లోపలి పక్కే కోసెయ్యండి!"

"ఆయ్!" అన్నారందరూ.

"పెదనాన్నా, లోపలి పక్కతోనే కదా చెట్టుని కరిచి పట్టుకునేది..." అన్నారు మా ఆయన సన్నగా.

"నువ్వూరుకోరా సింహాద్రీ, పెద్దోళ్లం మాట్లాడతన్నాం!"

నిజమే, రోగి మాట్లాడితే నీరసం రాదూ? నాకు మాత్రం తెలుసు. ఆ పట్టు పోతే ఆయన చెట్టెక్కలేరు, మా పొయ్యిలో పిల్లి లేవదు. పెద్దల ముందు కోడలు నోరెత్తకూడదాయె!

అందరూ కాఫీ హోటలుకు వెళ్లగానే నేనూ ముత్యాలూ ఆ చక్రాల మంచాన్ని మెల్లగా తిప్పేశాం. ఆయన పళ్లు బిగబట్టారు. పడమట ఉన్న ఆయన తల తూర్పుకొచ్చింది.

"మంచం తిప్పేరేవే?" అన్నారు పెదమావగారు తిరిగొచ్చి.

"మొహమ్మీద ఎండ పడతందండి" అన్నాను తలుపు చాటు నుంచి.

ఆయన వేళ్లతో దిక్కులు లెక్కపెట్టారు. "డాక్టరుగారండీ, ఇప్పుడు బయటి పక్క ఉత్తరవండి! కుబేరుడండి! అట్నుంచే కొయ్యండి!"

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆపరేషన్ బల్ల ఏ దిక్కుగా ఉంటుందో ఒక్కరూ అడగలేదు!

ఏడాదికి మా ఆయన మళ్లీ చెట్టెక్కారు. మొదటి గెల దించిన రోజు పెదమావగారు కింద నిలబడి, "ఆ మోకాలు నిలబెట్టింది నేనేనర్రా!" అని ఊరందరికీ చెప్పారు. పైనుంచి మా ఆయన నన్ను చూసి నవ్వారు.

ఈ కథ గుర్తుంచుకుని మీ కోడళ్లకూ చెప్పండమ్మా. మోకాలు ఎవరిదో ముందు ఆ మనిషినే అడగమనండి. అన్ని మంచాలకూ చక్రాలుండవు కదా!