చుక్కలు పోయేదాకా

నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పంటి నొప్పితో మా తోడల్లుడి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు మాత్రం, అక్కడ గోడ మీదున్న బొమ్మ ఎవరు వేశారని అడక్కండి. ఆయన చెప్పేస్తాడు.

పగలంతా ఆఫీసులో కూర్చుని జనం నీటి మీటర్ల మీద చేసే ఫిర్యాదులు వినడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో త్రీడీ ఫ్రాక్టల్ బొమ్మలు చేయడం నా పిచ్చి. ఫ్రాక్టల్ అంటే కంగారు పడకండి. కాలీఫ్లవర్‌లోంచి ఒక రెమ్మ తుంచితే అదీ చిన్న కాలీఫ్లవర్‌లాగే ఉంటుంది కదా, దాన్ని తుంచితే ఇంకా చిన్నది. అలా ఎంత లోపలికి వెళ్ళినా తెగని ఆకారాన్ని లెక్కలతో పుట్టించి, దాని మీద వెలుతురు పడేలా చేస్తానన్నమాట. ఇదంతా పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి వివరిస్తే, ఓపిగ్గా విని, కూర వండుకుంటే అయిపోయేదానికి ఇంత శ్రమ దేనికండీ అంది.

అలాంటిది, మా తోడల్లుడు కొత్త క్లినిక్ పెడుతూ, రోగులు కూర్చునే గదిలో గోడ నిండా నా బొమ్మే కావాలన్నాడు. ఆయన్ని మేం చాటుగా పళ్ళాయన అంటాం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి కాకుండా నోట్లోకి చూస్తాడు. నన్నెప్పుడూ మనిషిగా లెక్కచెయ్యని ఆయన నోరు తెరిచి అడిగేసరికి, నేను గాల్లో తేలిపోయాను.

చిక్కల్లా చుక్కలతో వచ్చింది. కంప్యూటర్ బొమ్మ మీదికి వెలుతురు కిరణాలు విసిరి రంగు తేలుస్తుంది. కిరణాలు చాలకపోతే నీడల్లో ఇసుక చల్లినట్టు చుక్కలు మిగిలిపోతాయి. దాన్నే మాలాంటి పిచ్చివాళ్ళం నాయిస్ అంటాం. అవి సగానికి తగ్గాలంటే పని నాలుగింతలు చేయించాలి. అడ్డదారిలో చుక్కలు తుడిచే సాఫ్ట్‌వేర్ కూడా వేసి చూశాను. దానికి చుక్కేదో రెమ్మేదో తెలియక అన్నీ తుడిచేసింది. చివరికి అరిగిపోయిన సబ్బుబిళ్ళ మిగిలింది. ఇక సోమవారం నుంచి శనివారం దాకా కంప్యూటర్‌ని ఆపకుండా నడపడమొక్కటే దారి.

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. మా ఆవిడ పాఠ్యపుస్తకాలకి ప్రూఫులు దిద్దుతుంది. ఆ వారమే ప్రచురణ సంస్థవాళ్ళు ఆవిడకి ఒక సైన్సు పుస్తకం ఇచ్చి, శుక్రవారానికల్లా తప్పుల్లేకుండా దిద్ది ఇస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఎన్నాళ్ళుగానో ఆశపడుతున్న ఉద్యోగం. ఈ సంగతి నాకు తెలియదని చెప్పడానికి లేదు. నాకే ముందు చెప్పింది.

అయినా సోమవారం పొద్దున బొమ్మని పనిలో పెట్టి, మానిటర్ వైరు పీకి దాచేసి, దిగాలు మొహంతో వంటింట్లోకి వెళ్ళాను.

"కంప్యూటర్‌కి వేడి చేసింది" అన్నాను.

"అయితే ఆపెయ్యండి."

"ఆపితే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. అలా తిరగనిస్తే నెమ్మదిగా దిగుతుంది. శనివారానికల్లా లేచి కూర్చుంటుంది."

"నా ప్రూఫులు శుక్రవారానికండీ" అంది నెమ్మదిగా.

పై వాటా టీచరమ్మగారింట్లో కంప్యూటర్ ఉంది కదా అని గుర్తుచేశాను, అదేదో గొప్ప ఉపకారం చేస్తున్నట్టు. మా ఆవిడ కాయితాలు సంచిలో పెట్టుకుని, గుమ్మంలో కాస్త ఆగి, మెట్లెక్కింది. ఒక్క మాట తిట్టినా నాకు తేలిగ్గా ఉండేది.

సాయంత్రం నడుం పట్టుకుని దిగింది. అక్కడున్నది పిల్లలు కూర్చునే స్టూలట. నాకు అన్నం సహించలేదు. చెప్పేద్దామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను కూడా. ఆవిడ మంచినీళ్ళిచ్చింది, తాగేశాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా బావమరిది హాల్లో కూర్చునున్నాడు. అతనిది కంప్యూటర్లు బాగుచేసే వృత్తి. నిద్రలో కూడా జేబులో స్క్రూడ్రైవర్ ఉంటుందని మేం స్క్రూబాబు అంటాం. తమ్ముడికి కబురుపెట్టానండీ, పాపం దాని బాధ చూడలేక, అంది మా ఆవిడ.

గదిలోకి వెళ్ళగానే తలుపేసి కాళ్ళబేరానికి దిగాను. ఉన్నదున్నట్టు చెప్పి, మీ అక్కకి తెలిస్తే నా పరువు పోతుందయ్యా, ఒక్క వారం కాపాడమని చేతులు పట్టుకున్నాను. స్క్రూబాబు నా వైపు జాలిగా చూసి, సరే బావగారూ అన్నాడు. బయటికొచ్చి డాక్టర్లా గంభీరంగా, వేడి చాలా లోపలికి వెళ్ళిపోయిందక్కా, బావగారు అసలు దాని దగ్గరికే వెళ్ళకూడదు, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టించు, అని తీర్పు చెప్పాడు.

ఇంట్లో ఉన్న టేబుల్ ఫ్యాన్ మా పడకగదిలోది. మా ఆవిడ దాన్ని మోసుకెళ్ళి కంప్యూటర్ పక్కన పెట్టింది. రోగికి ఎండ తగలకుండా కిటికీకి దుప్పటి కూడా కట్టింది. ఆ వారమంతా నేను చెమటల్లో తడిసి ముద్దయ్యాను. ఆవిడ తువ్వాలుతో నాకే విసురుతూ, మీ రంగేంటండీ ఇలా పాలిపోయింది, మీక్కూడా వేడి చేసిందేమో అనేది. సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకునేవాణ్ణి. ఆ గదిలోంచి బర్రుమని చప్పుడు వినిపిస్తుంటే మాత్రం, బొమ్మ నడుస్తోందిలే అని ప్రాణం కుదుటపడేది.

శనివారం స్క్రూబాబే వచ్చి బొమ్మని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ప్రింటు షాపుకి తీసుకెళ్ళాడు. మా ఆవిడ ఎదురుగా మానిటర్ పెట్టి చూసుకునే ధైర్యం నాకెక్కడిది? నా ఫోన్‌కి ఫోటో పంపించాడు. అరచేతిలో బొమ్మ అద్దంలా మెరిసిపోతోంది, వెతికినా చుక్క లేదు.

ఆదివారం క్లినిక్ ప్రారంభం. గోడ మీద బొమ్మకి తెల్లగుడ్డ కప్పి ఉంచారు. చుట్టాలంతా వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మా ఆవిడ చెయ్యి పట్టుకుని అభినందిస్తున్నారు. పళ్ళాయన భార్య, అదే మా వదినగారైతే కళ్ళు తుడుచుకుంది. కళాకారుడి భార్య కదా మరి అనుకుని నేను కాలర్ సర్దుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. గుడ్డ తియ్యకముందే అందర్నీ పోగేసి, చుక్కలంటే ఏమిటో, చేతకానివాళ్ళ బొమ్మల్లో అవెలా మిగిలిపోతాయో, నేను వాటిని ఎలా నిర్మూలించానో ఉపన్యాసం ఇచ్చాను. ఒక్క చుక్క చూపించినవాళ్ళకి నా పన్ను పీకి ఇస్తానని కూడా కూశాను.

పళ్ళాయన గుడ్డ లాగాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా, గోడంతా ఇసకే.

ఫోన్‌లో అంగుళాల్లోకి కుదించుకుపోయి కనపడని చుక్కలు గోడంతయ్యేసరికి బఠాణీల్లా లేచాయి. నోరు తెరుచుకుని ఉండిపోయాను. పళ్ళాయన అలవాటు కొద్దీ నా నోట్లోకి చూసి, ఏ పన్ను పీకమంటావు తమ్ముడూ అన్నాడు. జనం ఘొల్లుమన్నారు.

మా ఆవిడ ముందుకొచ్చి, "పాపం బావగారూ, ఇది గీసేటప్పుడు కంప్యూటర్‌కి ఒంట్లో బాగాలేదు. అందుకే బొమ్మకి ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి" అంది. ఆ మాట వెనకే స్క్రూబాబు దగ్గు నటించడం చూశాక నాకు సగం అర్థమైంది.

మిగతా సగం తిరుగు బస్సులో మా ఆవిడ చెప్పాక అర్థమైంది. మంగళవారం అతను గదిలోంచి బయటికొచ్చిన కాసేపటికే అక్కకి అంతా చెప్పేశాడట. వెంటనే ఆవిడ నా బొమ్మని చుక్కలు పోకముందే ఆపించేసింది. రోజూ పొద్దున నా ఎదురుగా సంచితో పైకెళ్ళి, నేను ఆఫీసుకి వెళ్ళగానే దిగొచ్చి, తమ్ముడిచ్చిన వైరు తగిలించి, హాయిగా మా కంప్యూటర్ ముందే కూర్చుని ప్రూఫులు దిద్దుకుంది. నేను వచ్చే వేళకి మళ్ళీ మెట్లెక్కి టీచరమ్మతో కబుర్లు చెప్పుకుంది. వారమంతా నాకు ధైర్యం చెప్పిన చప్పుడు టేబుల్ ఫ్యాన్‌దే.

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా" అన్నాను, ఇంకా బుద్ధి లేక.

"మీరు చెప్తారేమోనని చూశాను. రోజూ పైకెళ్ళేముందు గుమ్మంలో ఆగేదాన్ని."

అడగక తప్పదన్నట్టు, ఉద్యోగం సంగతేమైందని అడిగాను.

"వచ్చింది. నిన్ననే ఫోన్ చేశారు. అక్కా వాళ్ళకి, టీచరమ్మకి, తమ్ముడికి అందరికీ చెప్పాను."

పొద్దుట్నుంచీ జనం ఆవిడ చెయ్యి ఎందుకు పట్టుకున్నారో అప్పుడు తెలిసింది. నాకొక్కడికే ఎందుకు చెప్పలేదని అడగడానికి మొహం చెల్లలేదు. మా స్టాపు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.