మధుసూదన్ సార్ పోయిండు

2011 జూలైలో ఒక సోమవారం. అజర్ ఎనిమిదింటికల్లా ఆఫీసు చేరాలనుకున్నాడు. మేడ్చల్ రోడ్డు మీది విత్తనాల కంపెనీలో మూడేళ్లుగా అతనిది హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. చెవికి ఫోను తగిలించుకుని "ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి సార్" అంటూ కూర్చోవడం. ఆ రోజు నుంచి డెస్క్‌టాప్ సపోర్ట్. మనుషుల దగ్గరికే వెళ్లి కంప్యూటర్లు బాగుచెయ్యాలి. మూడు నెలలు చూస్తామన్నారు. కుదరకపోతే వెనక్కి వెళ్లడానికి పాత కుర్చీ కూడా లేదు. అందులో అప్పుడే సహస్ర అనే కొత్తమ్మాయి కూర్చుంది.

"ఇగ ఫోన్ల మొత్తుకునుడు లేదమ్మీ. జర మనుషుల మొఖాలు చూస్త," అన్నాడు తల్లితో.

షహజాది బేగం ఇస్త్రీ చొక్కా అందిస్తూ, "చూడు బేటా. ముందుగాల తినిపో," అంది.

తొమ్మిదింటికి, రెండో అంతస్తు ఊడ్చే రుక్కమ్మ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసింది. మధుసూదన్ సార్ కంప్యూటర్ కుయ్యోమంటోంది. వరి విత్తనాల పరీక్షలు చూసే ఆయన, పొద్దున్నే జీపులో శామీర్‌పేట అవతలి పొలాలకు బయలుదేరాడు.

"మధుసూదన్ సార్ పోయిండు బిడ్డా. గీ మిషన్ ఒకటే మొత్తుకుంటాంది."

"పోయిండా? ఎప్పుడు?" అంది సహస్ర.

"పొద్దుగాలనే. ఇగ రాడు."

సహస్రకు ఉద్యోగంలో అది నాలుగో రోజు. ఉద్యోగి ఇక రాడంటే నింపాల్సిన ఫారం తెర మీద తెరిచింది. అందులో 'కారణం' కింద రాజీనామా, బదిలీ, మరణం అని మూడే ఉన్నాయి. ఏడుపు ఆపుకుంటూ మూడోది నొక్కింది.

పని అజర్‌కు వచ్చింది. చదవగానే పేరు గుర్తుపట్టాడు. పాస్‌వర్డ్ మరిచిపోయి వారం వారం ఫోన్ చేసే గొంతు అది. మనిషిని ఎన్నడూ చూడలేదు. వెళ్లేసరికి బల్ల మీద టిఫిన్ డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

"నువ్వే చూసినవా అవ్వా?"

"నా కండ్ల ముంగటనే. నలుగురు పట్టి జీపుల ఏసిండ్రు," అంది రుక్కమ్మ. ఆమె చెబుతున్నది విత్తనాల బస్తాల సంగతి.

అజర్ కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగి చనిపోతే గంటలోగా ఏమేం చెయ్యాలో కంపెనీ రాసిపెట్టింది. ఆయన మెయిల్ మూశాడు. గేటు కార్డు ఆపించాడు. కంపెనీ ఇచ్చిన సెల్‌ఫోన్ ఆపించాడు. చివరికి కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేశాడు. ఇంకెక్కడా దాచని ఎనిమిదేళ్ల పరీక్షల వివరాలు దాంతోపాటే పోయాయి. మొత్తం నలభై నిమిషాల పని.

మెయిల్ మూసిన కబురు దానంతటదే సిబ్బంది వ్యవహారాల అధికారి అన్వేష్‌కు చేరింది. పదిన్నరకు క్యాంటీన్‌లో రెండు నిమిషాల మౌనం. శవం ఎక్కడుందని ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో ఇంకెవరో ఉండే ఉంటారని ఎవరికి వారే అనుకున్నారు. పదకొండింటికి పూలదండతో కంపెనీ కారు మచ్చ బొల్లారంలోని మధుసూదన్ ఇంటికి వెళ్లింది. ఆయన భార్య ఇందిరమ్మ నమ్మలేదు. భర్తకు ఫోన్ చేసింది. అది కంపెనీ ఫోనే. మోగలేదు. అప్పుడు నమ్మింది. గడప మీదే కూలబడింది. పక్కింటివాళ్లు టెంటుకు కబురు పెట్టారు.

మధ్యాహ్నం మధుసూదన్ గేటు దగ్గర కార్డు పదిసార్లు గీశాడు. కాపలా గండయ్య చేతిలోంచి కర్ర జారిపోయింది.

"సార్... మీరు పోయిండ్రు గద?"

"పోయి వచ్చిన. గేటు తియ్యి. బువ్వ తినాలె."

గోల విని అజర్ కిందికి పరుగెత్తాడు. గొంతును గుర్తుపట్టాడు. జరిగిందంతా చెప్పాడు. కొడతాడనుకున్నాడు. మధుసూదన్ ఒకటే అడిగాడు.

"మా ఇంట్ల చెప్పిండ్రా?"

అజర్ బండి మీద ఇద్దరూ ఇల్లు చేరేసరికి వాకిట్లో టెంటు లేచింది. ఇందిరమ్మ గడపకు కొట్టుకున్న గాజులు పగిలి, మణికట్టు మీద నెత్తురు ఎండి ఉంది. ఆమె ఏడవలేదు. భర్త ముఖాన్ని రెండు చేతులతో తడిమి తడిమి చూసింది. తర్వాత అజర్ వైపు తిరిగింది.

"పొలం కాడ ఎవలకన్న ఒక్క ఫోన్ చెయ్యకపోతివా కొడుకా?"

మూడేళ్లు ఫోన్‌లో ప్రతివాణ్ణీ పది ప్రశ్నలు అడిగినవాడు అజర్. ఆ రోజు అడిగింది ఒకటే.

మర్నాడు విచారణ జరిగింది.

"తప్పు నాదే సార్. ఆ పిల్లను ఏమనొద్దు. నేను బల్ల దాక పోయి గూడ సమజ్ జేసుకోలే," అన్నాడు అజర్.

అన్వేష్ కాగితాలు తిప్పాడు. "రూల్ ప్రకారమే చేసినవ్ గద. గంట పని నలభై నిమిషాల్ల చేసినవ్. ఇంతకుముందు ఎవ్వలు చెయ్యలే."

అజర్ ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. సహస్రను ఇంటికి పంపారు. ఖాయం చేసిన కాగితం అజర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల్లికి చెప్పబుద్ధి కాలేదు.

మధుసూదన్‌కు కూడా ఒక కాగితం అందింది. నిన్న మధ్యాహ్నం అనుమతి లేకుండా విధులకు రానందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.